రచన నోటి సంగతి

జగిత్యాల,
22 జనవరి 2001.

బిడ్డ వనితకు,

నేను బాగున్నాను. మీరిద్దరూ ఎట్లా ఉన్నారో నిజం రాయి.

జితేందర్ మస్కట్ నుంచి నాకూ ఒక ఉత్తరం రాశాడు. అంతా మంచిదే అని రాశాడు. అంతా మంచిదే అని రాసిన ఉత్తరాలను నేను నమ్మను. కంపెనీ ఇంకా జీతం మొదలుపెట్టలేదని కోరుట్లలో మీ చిన్నమ్మ ముత్తమ్మ చెప్పింది. ఆమెకు నువ్వే చెప్పి ఉంటావు. నాకు చెప్పలేదు.

సిరిసిల్లలో మరమగ్గాల సాంచెలు మళ్లీ నడుస్తాయన్న ఆశ నాకు లేదు. పేపరు తెరిస్తే మీ ఊరి పేరే. ఎటువంటి చావుల వార్తో నీకు తెలుసు. మగ్గం ఆగిన వాడలో, మొగుడు దేశం కాని దేశంలో, అత్తామామలు లేని దానివి, నాలుగేళ్ల పిల్లతో ఒక్కదానివి ఎందుకు? ఇక్కడ మూడు గదులు ఉన్నాయి. ఒక గదిలో నేను ఉంటాను. రెండు గదుల్లో ఎవరూ ఉండరు. జూన్‌లో రచనను బడిలో వేయాలి. బడి మా వీధిలోనే ఉంది. వచ్చేయండి.

నా సంగతి రాయడానికి ఎక్కువ లేదు. మీ అమ్మ పోయినప్పటి నుంచి మనుషులు నాతో మాట్లాడడం తగ్గించారు. టీచర్ల గదిలో నా పక్క కుర్చీ మెల్లగా కిటికీ దగ్గరకు జరిగింది. పిల్లలు నోటుబుక్కు నా బల్ల మీద పెట్టి, వెనక్కి పోయి నిలబడతారు. బాధలో ఉన్న మనిషికి కొంచెం చోటు వదలాలని వాళ్లకు ఎవరూ నేర్పకుండానే తెలిసింది. నేను ఏమీ అనుకోను. దసరాకు వచ్చినప్పుడు నువ్వు కూడా తలుపు దగ్గర నిలబడే మాట్లాడావు.

ఆలోచించి రాయి.

బాపు


సిరిసిల్ల,
6 ఫిబ్రవరి 2001.

బాపూ,

నీ ఉత్తరం అందింది. ఎస్‌టీడీ బూతు నుంచి ఫోన్ చేద్దామనుకున్నాను కానీ అక్కడ వరుసలో నిలబడ్డ వాళ్లందరూ మన మాటలే వింటారు. అందుకే రాస్తున్నాను.

మీ అల్లునికి జీతం రాలేదన్నది నిజమే. తిండి మాత్రం క్యాంపులో పెడుతున్నారట. నీకు చెబితే రాత్రి పడుకోవని చెప్పలేదు. మా పక్కింటి ఎల్లేశం కుటుంబం ఇంటికి తాళం పెట్టి పని కోసం భీవండి పోయింది. ఈ వరుసలో ఇప్పుడు దీపం పెట్టేది నేను, ఇల్లుగల్ల కనకవ్వ. కనకవ్వ మంచిది. నాకు బీడీల ఆకు, తంబాకు దొరుకుతున్నాయి. బీడీ కార్డు ఇక్కడి పేరు మీద ఉంది, అక్కడికి వస్తే పోతుంది. అందుకని ఇప్పుడే రాలేను బాపూ. రచనకు కూడా ఇక్కడ అలవాటైంది.

అమ్మ ఏడాదికి తప్పకుండా వస్తాం.

వేములవాడ పోయినప్పుడు కొన్న సామాను కొంచెం బస్సులో పంపుతున్నాను. లవంగాలు, సోంపు, ఒక రాగి నాలుక బద్ద. పొద్దున లేవగానే వాడుకో. మరిచిపోకు. మంచినీళ్లు ఎక్కువ తాగు. వేళకు తిను. ఉత్త చాయ మీద ఉండకు.

నీ బిడ్డ
వనిత


జగిత్యాల,
15 ఫిబ్రవరి 2001.

బిడ్డ వనితకు,

సామాను చేరింది. లవంగాలు చాయలో వేస్తున్నాను. సోంపు మా అటెండర్ సాయిలుకు ఇష్టం, అతనికి కొంత ఇచ్చాను.

రాగి బద్దను చూసి చాలాసేపు కూర్చున్నాను. మన ఇంట్లో నాలుక గీసుకునే అలవాటు మీ అమ్మకు ఒక్కతికే ఉండేది. పొద్దున్నే నీళ్లు పోసుకునే జాలారి దగ్గర ఆ చప్పుడు వినబడితేనే నాకు తెల్లవారినట్టు. అమ్మ గుర్తుకు పంపావని అర్థమైంది. ఆమె ఫొటో ముందు పెట్టాను. రోజూ తుడుస్తున్నాను.

బీడీ కార్డు పోతుందన్నావు. కార్డు ఇక్కడ కూడా చేయించవచ్చని సాయిలు అన్నాడు. అతని భార్య కూడా బీడీలు చేస్తుంది.

రచనకు అలవాటైంది అన్నావు. నాలుగేళ్ల పిల్లకు ఎంతలో అలవాటు మారుతుంది?

బాపు


జగిత్యాల,
27 మార్చి 2001.

వనితకు,

ఏడాదికి వచ్చి, అన్నం తిన్న చేతులు ఆరకముందే సిరిసిల్ల బస్సు ఎక్కారు. ఆపలేదు. ఆపడం నాకు చేతకాదు.

రచన నా ఒడిలోకి రాలేదు. ఎత్తుకోబోతే నా మొకం మీద చెయ్యి పెట్టి నెట్టింది. నువ్వు వెంటనే దాన్ని గుంజుకుని, దానికి నిద్ర వచ్చిందని అన్నావు. దాని కళ్లలో నిద్ర లేదు. నేను టీచర్‌ను. పిల్లల కళ్లు నాకు తెలుసు.

ఒక మాట అడుగుతాను. మీ అమ్మను పెద్దాసుపత్రికి ఇంకా ముందే తీసుకుపోవలసింది అని నీ మనసులో ఉందా? డాక్టర్లు అట్లా అనలేదు. కానీ బిడ్డ మనసు డాక్టర్ల మాట వినాలని లేదు. అటువంటి కోపం ఉంటే రాయి. నేను చదవగలను. ఏమీ రాయకుండా దూరం దూరంగా తిరగడమే చదవలేకపోతున్నాను.

బాపు


సిరిసిల్ల,
2 ఏప్రిల్ 2001.

బాపూ,

అమ్మ మీద ఒట్టు. నీ మీద నాకు గోరంత కోపం కూడా లేదు. అమ్మకు నువ్వు చేసినంత ఎవరూ చేయరు. ఈ మాట ఇంకోసారి రాయకు.

నేను రాకపోవడానికి కారణం ఉంది. అది నీకు చెప్పాలని పోయిన నెలంతా ఎన్ని ఇన్లాండు కవర్లు ఖరాబు చేశానో కనకవ్వను అడుగు. రాయలేకపోయాను. అమ్మ ఉంటే అసలు రాయవలసి వచ్చేదే కాదు.

సరే, అది వదిలెయ్యి. నాకు ఒక పని చేసి పెట్టాలి. రచనకు నోరు వాసన వస్తోంది. ఒకటి రెండు రోజులు కాదు, చాలా రోజుల నుంచి. ఇక్కడ ఆర్‌ఎంపీ డాక్టర్ కడుపులో గ్యాస్ అని గోళీలు ఇచ్చాడు, తగ్గలేదు. దవాఖాన అంటేనే అది ఏడుస్తుంది, పైగా బీడీల పని విడిచి నేను తిరగలేను. కోరుట్ల బస్టాండు దగ్గర కొత్తగా ఒక పళ్ల డాక్టరమ్మ వచ్చిందని చిన్నమ్మ చెప్పింది. నువ్వు చదువుకున్నవాడివి. నువ్వే స్వయంగా పోయి, ఆమె ముందు కూర్చుని, నోరు వాసన ఎందుకు వస్తుంది, ఏం చేస్తే పోతుంది అని అన్నీ వివరంగా అడిగి రా. ఉత్తరం రాసి అడగవద్దు. వేరేవాళ్లను పంపవద్దు. దగ్గర కూర్చుని అడుగు.

ఇది నా కోసం చెయ్యి బాపూ. చాలా అవసరం.

నీ బిడ్డ
వనిత


జగిత్యాల,
11 ఏప్రిల్ 2001.

బిడ్డ వనితకు,

నువ్వు చెప్పిన పని చేసుకు వచ్చాను. వరుసగా రాస్తాను.

ముందు మా బడి సైన్సు టీచర్‌ను అడిగాను, నోరు వాసనకు కారణం ఏమిటని. ఆయన కిటికీ వైపు చూస్తూ, "ఎవలికి సార్?" అన్నాడు. మా మనుమరాలికి అన్నాను. కిటికీ రెక్క ఇంకొంచెం తెరిచాడు. తర్వాత, "పళ్ల డాక్టర్‌కు సూపెట్టున్రి సార్. ఆలస్యం చెయ్యకున్రి. రేపే పోతే ఇంకా మంచిది" అన్నాడు. ఎవరి మనుమరాలి కోసమో ఆయన అంత ఆత్రపడడం నాకు వింతగా తోచింది.

ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నం బస్సుకు కోరుట్ల వెళ్లాను. మీ చిన్నమ్మ వెంట వచ్చింది. రావద్దన్నా వచ్చింది. డాక్టరమ్మ పేరు రజని. చిన్న పిల్ల, మన దిక్కు పిల్లే. బయట బెంచీల మీద గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చిన వాళ్లు, పోయేముందు పళ్లు బాగు చేయించుకునే వాళ్లు కూర్చుని ఉన్నారు. నేను కూర్చోగానే మా బెంచీ మీద చోటు దొరికింది.

లోపలికి పోయాక డాక్టరమ్మ, "పాప ఏది సార్?" అంది.

"సిరిసిల్లల ఉన్నది. నేను అడిగిపోదామని అచ్చిన" అని కాగితం, పెన్ను తీశాను.

ఆమె విసుక్కోలేదు. చెప్పింది, రాసుకున్నాను. నోరు వాసన చాలామందికి కడుపు నుంచి రాదట. నోట్లోనే పుడుతుందట. పళ్ల సందుల్లో ఇరుక్కున్నది కుళ్లి, చిగుళ్ల కింద పాచి గడ్డకట్టి, నాలుక వెనక భాగంలో తెల్లగా పేరుకుని వస్తుందట. నోరు ఎండిపోయినా వస్తుందట, ఎందుకంటే నోటిని కడిగేది ఉమ్మే. ముక్కు, గొంతు జబ్బులతో, చక్కెర జబ్బుతో, మూత్రపిండాలు చెడితే కూడా వస్తుంది కానీ అవి తక్కువ, పరీక్ష చేస్తే తెలిసిపోతాయి. లవంగం, సోంపు నమిలితే వాసనను కాసేపు కప్పుతాయి తప్ప పోగొట్టవు.

ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె తన కుర్చీని చక్రాల మీద వెనక్కి జరుపుతోంది. గోడ తగిలాక ఆగింది.

"సార్, పాపను తర్వాత జూస్త గని, మీరు ఒక్కసారి గీ కుర్చీల కూసుంటరా?"

"నాకేం లేదమ్మా."

మీ చిన్నమ్మ అందుకుంది. "కూసో బావా. డాక్టరమ్మ ఊకనే అడుగుతదా?"

కూర్చున్నాను. నోరు తెరిచాను. డాక్టరమ్మ మూతికి గుడ్డ కట్టుకుని లైటు దగ్గరకు గుంజింది.

"గీ ప్లేటు రాత్రి తీస్తలేరా సార్?"

"లేదు."

"ఎన్నొద్దుల సంది?"

"ఏడాది సంది."

నీకు తెలుసు, నువ్వు చిన్నపిల్లవై ఉన్నప్పుడు స్కూటర్ మీది నుంచి పడి పై వరసలో నాలుగు ముందు పళ్లు పోయాయి. అప్పటి నుంచి ఈ తీసి పెట్టుకునే కట్టుడు పళ్ల ప్లేటే. డాక్టరమ్మ దాన్ని తీయించి, పట్టకారుతో పట్టి లైటు కింద తిప్పి చూపించింది. ఎట్లా ఉందో రాయను. సాంఘిక శాస్త్రంలో తవ్వకాల పాఠం చాలాసార్లు చెప్పాను. అంతటితో ఆపుతాను.

"దీన్ని ఎట్ల కడుగుతరు సార్?"

"కడగాల్నా?" అన్నాను.

ఆమె మీ చిన్నమ్మ వైపు చూసింది. మీ చిన్నమ్మ తల వంచుకుని, "మా అక్క కడిగేది" అంది.

నాకు తెలియదు వనితా. రాత్రి మంచం పక్క స్టూలు మీద స్టీలు గ్లాసులో నీళ్లు ఉండేవి, అందులో ప్లేటు వేసేవాణ్ణి. పొద్దున అదే గ్లాసులో నుంచి తీసి పెట్టుకునేవాణ్ణి. ఆ మధ్యలో ఎవరో తోమి, కడిగి, నీళ్లు మార్చి పెడుతున్నారన్న ఊహ నాకు ఇన్నేళ్లలో రాలేదు.

నోటి పైన అంగుడు ఎర్రగా పుండు పడినట్టు అయిందని, ప్లేటు కింద బూజు వంటిది పెరిగిందని, పక్క పళ్ల చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారుతున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఏం తింటున్నారంది. ఒక పూట వండుకుంటానని, తక్కిన వేళ చాయ అని చెప్పాను.

"ఇంట్ల ఎవలతోనన్న మాట్లాడుతరా సార్?"

"ఎవలున్నరని?"

"మాట్లాడకుంట, తినకుంట, నీళ్లు తాగకుంట ఉంటే నోరు ఎండుకపోతది సార్. ఎండిన నోరు వాసనొస్తది. భయపడేది ఏం లేదు. గిది పోతది. పూరాగ పోతది."

పూరాగ పోతది అన్న మాట ఆమె ఎంత మామూలుగా అందో! ఏడాదిలో ఒక మనిషి నాతో ఏదైనా పోతుందని చెప్పడం అదే మొదటిసారి.

బయటికి వచ్చాక మీ చిన్నమ్మను నిలదీశాను. "ముత్తమ్మా, నీకు ముందే ఎరుకనా?"

"ఎరుక లేకేంది? ఏడాది సంది నీతోని మాట్లాడాలంటే ఊపిరి బిగవట్టుకుంటున్న బావా. మొకం గోడదిక్కు పెట్టుకుంటున్న. నువ్వేమో, పాపం ముత్తమ్మకు అక్క యాదికొచ్చి నా మొకం సూస్తలేదు అనుకుంటున్నవ్."

"అనుకున్న."

"యాదికచ్చేది నిజమే. కంపూ నిజమే."

"ఒక్క మాట చెప్పకపోయినవా మరి?"

"ఆలి పోయిన మొగోనికి నీ నోరు వాసనొస్తుందని ఎవలు జెప్తరు? నేను జెప్త బాగుంటదా, వనిత జెప్తదా? అక్క అయితే జెప్పేది. తలుపు పెట్టి జెప్పేది."

నేను ముందుకు నడిచాను. ఆమె మాత్రం అంతటితో ఊరుకోలేదు. కొంగు అడ్డం పెట్టుకుని బస్టాండు దాకా నవ్వుతూనే వచ్చింది. "రచనకట, రచనకు! ఆ పోరి నోట్లె పాల వాసన తప్ప ఏముంటది?" అంది.

ఈ ఏడాది మనుషులు నాకు దూరంగా నిలబడితే, నా దుఃఖాన్ని చూసి నిలబడ్డారనుకున్నాను. కొంచెం గర్వం కూడా పడ్డానేమో. పళ్లను చూసి నిలబడ్డారు. తిరుగు బస్సులో ఇదే తలచుకుని ఒక్కణ్ణే నవ్వాను. కండక్టర్ తిరిగి చూశాడు. పక్క సీటు ఖాళీగానే ఉంది. కిటికీ తెరిచి, హాయిగా జరిగి కూర్చున్నాను.

నీకు నా మీద కోపం లేదు. దాని తర్వాత ఏదైనా చిన్న సంగతే.

రచన నోరు బాగానే ఉందని నాకు అర్థమైంది. దాని పేరు మీద అబద్ధం ఆడినందుకు దానికి ఏదైనా కొనిపెట్టు.

బాపు

రాగి బద్దను ఫొటో దగ్గరి నుంచి తీశాను. వాడుతున్నాను.


సిరిసిల్ల,
18 ఏప్రిల్ 2001.

బాపూ,

నీ ఉత్తరం కనకవ్వ ముందు చదివాను. ఫొటో దగ్గరి నుంచి బద్ద తీశావన్న దగ్గర ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. తర్వాత నాకు ఏడుపు వచ్చింది. అది చూసి రచన కూడా ఏడ్చింది. దానికి ఐస్‌క్రీమ్ కొనిచ్చాను, అబద్ధానికి జుర్మానా అని చెప్పాను.

దసరాకే నాకు తెలిసింది బాపూ. లోపల ఏదో పెద్ద జబ్బు మొదలైందని భయపడ్డాను. అమ్మ పోయిన ఆరు నెలలకే అట్లా అయితే ఎవరికి చెప్పుకోను? నీకు చెబితే, ఇన్నాళ్లూ బళ్లో, బస్సులో అందరి ముందూ ఇట్లాగే తిరిగానా అని నువ్వు బయటికి రావడమే మానేస్తావనుకున్నాను. నిన్ను నేను ఎరుగుదును. రచన మాత్రం ఎవరికీ భయపడదు. అమ్మ ఏడాదినాడు అందరి ముందు అనేస్తుందని దాని నోరు మూసి బస్సు ఎక్కించాను. నీ ఇంట్లో ఉంటే అది ఏదో ఒక రోజు అంటుంది. నువ్వు తట్టుకోవు. అందుకే రాను, రాను అన్నాను. బీడీ కార్డు ఒక సాకు.

సాంచెలు ఆగినప్పుడు కూడా నాకు ఇంత బరువు అనిపించలేదు. ఇప్పుడు దిగింది.

నువ్వు లేవకముందే అమ్మ జాలారి దగ్గర కూర్చుని, చిన్న బ్రష్షుతో, ఒంటి సబ్బుతో నీ ప్లేటు తోమేది. బొగ్గుపొడి వద్దు, గీతలు పడతాయని అనేది. వేడినీళ్లు పోయవద్దు, వంకర పోతుందని అనేది. ఎవరు నేర్పారో తెలియదు. నేను చిన్నప్పుడు ఆ గ్లాసు ముట్టబోతే, "ముట్టకు బిడ్డా, అందుల మీ బాపు నవ్వు ఉన్నది" అనేది.

డాక్టరమ్మ చెప్పిన వైద్యం అంతా చేయిస్తున్నావా? చక్కెర పరీక్ష చేయించావా? ఒక సంగతి నాకు అర్థం కాలేదు. అమ్మ ఉన్నన్ని రోజులు రాత్రి ప్లేటు తీసేవాడివి. తర్వాత ఎందుకు తీయలేదు? గ్లాసులో నీళ్లు పోసే వాళ్లు లేకనా? ఆమాత్రం నువ్వు పోసుకోలేవా?

మీ అల్లుడు రాశాడు. కంపెనీ మారింది, వచ్చే నెల నుంచి జీతం ఇస్తారట. ఈసారి అంతా మంచిదే అని రాయలేదు. ఎండలో పని, కాళ్లు పగిలాయి, ఇల్లు యాదికొస్తుంది అని రాశాడు. అందుకే నమ్ముతున్నాను.

నీ బిడ్డ
వనిత


జగిత్యాల,
9 మే 2001.

బిడ్డ వనితకు,

చక్కెర లేదు. మూత్రపిండాలు బాగున్నాయి. ముందు ఇది రాయాలి కాబట్టి రాశాను.

డాక్టరమ్మ రెండు విడతలుగా పళ్ల పాచి గీకి తీసింది. మొదటి విడత నెత్తురు చాలా వచ్చింది. రెండో విడత తక్కువ. అంగుట్లో ఎరుపు తగ్గడానికి చప్పరించే గోళీలు ఇచ్చింది. పుక్కిలించే మందు కొన్నాళ్లే వాడాలని, ఎక్కువ వాడితే పళ్లకు మరక పడుతుందని చెప్పింది. పాత ప్లేటు మార్చాలంది, కొత్తది వచ్చేదాకా దాన్నే కడిగి పెట్టుకొమ్మంది, కొత్త దానికి అచ్చు తీసుకుంది. రెండు పూటలా వండుకుంటున్నాను. నీళ్లు తాగుతున్నాను. నాలుకను వెనక నుంచి ముందుకు గీస్తున్నాను. మొదట్లో వాంతి వచ్చినట్టు అయ్యేది, ఇప్పుడు లేదు. మీ అమ్మ చేసే చప్పుడే వస్తోంది.

ఎండాకాలం సెలవులు ఇచ్చేలోపే టీచర్ల గదిలో కుర్చీ వెనక్కి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. సైన్సు టీచర్ మాత్రం, "మీ మనుమరాలికి ఎట్లున్నది సార్?" అని అడిగాడు. "పూరాగ తగ్గింది" అన్నాను. "శానా సంతోషం సార్" అని నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఒక మనుమరాలి కోసం అంత సంతోషపడిన పరాయి మనిషిని నేను చూడలేదు.

నువ్వు అడిగిన దానికి జవాబు. డాక్టరమ్మ కూడా అడిగింది, ఆమెకు చెప్పలేదు.

మీ అమ్మ అస్తికలు కలపడానికి ధర్మపురి పోయిన రోజు తెలుసు కదా. తెల్లవారుజామున హడావిడిగా బయలుదేరాం. పళ్లు గ్లాసులోనే మరిచిపోయాను. గోదావరి ఒడ్డున పంతులు, పోయిన వారి పేరు చెప్పండి అన్నాడు. చెప్పాను. సరోజన. పళ్లు లేని నోట్లో నుంచి గాలే వచ్చింది. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. వెనక నిలబడిన జితేందర్ ముందుకు వచ్చి చెప్పాడు. అతని తప్పు లేదు, మంచే చేశాడు. కానీ ఇన్నేళ్లు ఆమెతో ఉండి, చివరిసారి ఆమె పేరు చెప్పవలసిన చోట నేను చెప్పలేకపోయాను.

ఆ రోజు ఇంటికి వచ్చి ప్లేటు పెట్టుకున్నాను. మళ్లీ తీయలేదు. ఎప్పుడు, ఎవరు, ఎక్కడ ఆమె పేరు అడుగుతారో అని. ఎవరూ అడగలేదనుకో.

ఇప్పుడు రాత్రి తీస్తున్నాను. డాక్టరమ్మ మాట కాబట్టి తీస్తున్నాను. తీసినప్పుడల్లా ధర్మపురి గుర్తుకు వస్తుంది. అది వైద్యానికి లొంగేది కాదు.

వచ్చే ఆదివారం సిరిసిల్ల వస్తాను. రచన దగ్గరికి రాకపోతే బలవంతం చేయకు.

బాపు


సిరిసిల్ల,
21 మే 2001.

బాపూ,

నువ్వు బస్సు ఎక్కినప్పటి నుంచి రచన తాత ఎప్పుడొస్తడు అని నా పానం తీస్తోంది. నీ ముందు అనలేదు కానీ, మొన్న నువ్వు గడపలో అడుగు పెట్టినప్పుడు దాని నోరు మూయడానికి నేను చెయ్యి లేపే ఉంచాను. అది తలుపు వెనక దాక్కుంది. నువ్వు పిలవలేదు. చాప మీద కూర్చుని, తలుపు వైపు చూడకుండా కనకవ్వతో సాంచెల సంగతి మాట్లాడుతున్నావు. అదే వచ్చింది, మెల్లగా, దొంగపిల్లి వచ్చినట్టు.

"తాతా, నోరు తెరువు" అంది. నేను ఆపబోయాను, కనకవ్వ నా చెయ్యి పట్టుకుంది. నువ్వు తెరిచావు. అది ముక్కు లోపల పెట్టేంత దగ్గరగా పోయి వాసన చూసి, "వస్తలేదు!" అని వాడ మొత్తం వినబడేట్టు అరిచింది. నువ్వు నవ్వావు. అమ్మ పోయాక నీ నవ్వు చూడడం అదే మొదలు. కనకవ్వ, "గిప్పుడు నా నోరు జూడవే పోరీ" అంటే, అది ముక్కు మూసుకుని, "నీది తంబాకు వాసన" అన్నది గుర్తుందా? కనకవ్వ ఆ రోజు నుంచి తంబాకు తగ్గించింది. సిగ్గుతో కాదట, పంతంతోనట.

నీ ఒడిలోనే నిద్రపోయింది కదా. కాళ్లు తిమ్మిరెక్కినా నువ్వు లేవలేదు.

ధర్మపురి సంగతి నీ ముందు మాట్లాడలేక ఇప్పుడు రాస్తున్నాను. పంతులుకు అర్థం కాకపోతే కాకపోనీ. ఒకటి ఆలోచించు బాపూ. రోజూ రాత్రి ప్లేటు గ్లాసులో వేశాక కూడా నువ్వు అమ్మను పిలిచేవాడివి. మంచినీళ్లు తెమ్మనో, దోమతెర సరిచేయమనో, తలుపు గొళ్లెం పెట్టిందా అనో. పక్క గదిలో నాకు వినబడేది. పళ్లు లేని ఆ పిలుపు నాకు అర్థమయ్యేది కాదు, నవ్వొచ్చేది. అమ్మ మాత్రం ఒక్కసారి కూడా, ఏమన్నవు అని తిరిగి అడగలేదు. ఆ పేరు ఆమె ఎక్కువగా విన్నది అట్లాగే. గోదావరి ఒడ్డున నువ్వు చెప్పింది పంతులుకు వినబడకపోయి ఉండవచ్చు. ఆమెకు అలవాటైన పిలుపే అది.

ఇక అసలు సంగతి. మేం వస్తున్నాం. మీ అల్లునికి రాశాను, మంచి పని అన్నాడు. బీడీ కార్డు మార్చుకోవడానికి సాయిలు భార్యను అడిగి పెట్టు. కనకవ్వ గదికి తాళం పెట్టనంది, ఎప్పుడైనా రావచ్చంది. సాంచెలు నడిచే రోజు వస్తే చూద్దాం.

బడి తెరిచే ముందే వస్తాం.

నీ బిడ్డ
వనిత


జగిత్యాల,
1 జూన్ 2001.

బిడ్డ వనితకు,

ఉత్తరం అందింది. రచన పేరు బడిలో రాయించాను. బీడీ కార్డు సంగతి సాయిలు భార్య చూస్తానంది. తూర్పు గది కడిగించాను. సున్నం వేయించాను. వాసన రెండు రోజుల్లో పోతుంది. అది సున్నం వాసనే.

వేములవాడలో బస్సు మారవలసి వస్తే ఎండలో నిలబడకండి. ఇక్కడి బస్టాండులో నేను ఉంటాను.

ధర్మపురి గురించి నువ్వు రాసిన మాటలు చదివాను. ఆ ఉత్తరం జేబులోనే ఉంది. రాత్రి ప్లేటు తీసి గ్లాసులో వేశాక ఒకసారి ఆమె పేరు అనుకున్నాను, పైకే. నువ్వు చెప్పింది నిజం. అట్లాగే ఉండేది.

కొత్త ప్లేటు వచ్చింది. ముత్తమ్మ చూసి, "బావా, లగ్గం పిలగానోలె ఉన్నవ్" అంది. పొద్దున్నే జాలారి దగ్గర కూర్చుని నేనే తోముకుంటున్నాను.

ఒక్కటి రచనకు ముందే చెప్పి తీసుకురా. నా మంచం పక్క స్టూలు మీద స్టీలు గ్లాసు ఉంటుంది. అవి తాగే నీళ్లు కావు. లోపల ఏముందని అడిగితే, మీ అమ్మ నీకు చెప్పిందే చెప్పు.

బాపు